బహిరంగ సాఫ్ట్‌వేరు – మన వంతు మరమ్మతు

గత సంవత్సరము మా వార్షిక సంచిక సంపాదక వర్గము ఒక సంకలనమును వెలువరింప తలపెట్టినది. పూర్వపు సంచికలలోని మేలైన తెలుగు వ్యాసములను, ఉర్దూ వ్యాసములను ఏరి ఒక్క పుస్తకముగా కూర్చవలెనని మా ఉద్దేశము. అందుకై గ్రంథాలయములోని బీరువా తెరచి మూడు దినములు కూర్చున్నాము. అచ్చట మాకు ఎదురైన అనుభవమే ఈ వ్యాసమునకు కారణము.

మిక్కిలి పాత సంచికలను చదువుటకు ఏ ఇబ్బందియు కలుగలేదు. తెలుగు పుటలు సీసపు అక్షరములతో కూర్చినవి. కాగితము పసుపు వన్నెకు తిరిగినను అక్షరము చెక్కుచెదరలేదు. ఉర్దూ పుటలు కాతిబు గారి కలముతో వ్రాయబడి అచ్చయినవి. అవి నేటికిని నిన్న వ్రాసినట్లే ఉన్నవి. చిక్కు వచ్చినది కంప్యూటరు వచ్చిన తరువాతి సంచికలతోనే. వానిలో కొన్నింటికి అచ్చు ప్రతులు మిగులలేదు. డిస్కులు మాత్రమే ఉన్నవి. వానిని తెరువగా తెలుగు వ్యాసములకు బదులు రోమను అక్షరములు, విరామ చిహ్నములు కలగాపులగముగా కనిపించినవి. ఉర్దూ ఫైళ్ళు అసలు తెరుచుకొననే లేదు. విడిగా దొరికిన ఒక విషయసూచిక కాగితమును బట్టి అందొక వ్యాసము పేరు ‘మా ఊరు శావల్యాపురం’ అని తెలిసినది. ఆ ఊరి విద్యార్థి ఎవరో ఎన్నడో వ్రాసినది. ఆ వ్యాసమంతటిలో మేము చదువగలిగినవి అంకెలు మాత్రమే.

చెదలు తినలేదు, వాన తడుపలేదు. అయినను వ్యాసము పోయినది. ఎందుకు పోయినది? దానిని తిరిగి తెచ్చుకొను మార్గమేది? మరియొకసారి పోకుండ చూచుకొను బాధ్యత ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుచు పోగా మాకు తారసపడిన విషయమే బహిరంగ సాఫ్ట్‌వేరు. దానిని గురించి మేము నేర్చుకొన్న కొద్దిపాటి పాఠమును విద్యార్థి మిత్రుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచుచున్నాము.

అక్షరము యంత్రములో ఉండు విధము

కంప్యూటరునకు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. ఏ అక్షరమునకు ఏ అంకె అను ఒడంబడిక ముందుగా కుదిరిననే ఒకరు వ్రాసినది మరియొకరు చదువగలరు. కంప్యూటరు అచ్చు మన ప్రాంతమునకు వచ్చిన తొలి సంవత్సరములలో ఆచరణలో అట్టి ఒక్క ఒడంబడిక తెలుగునకు లేకపోయినది. రోమను లిపి కొరకు ఏర్పడిన 256 స్థానములలోనే ఒక్కొక్క సంస్థ తనకు తోచిన వరుసలో తెలుగు ఆకారములను నింపుకొన్నది. ఆ సంస్థ అమ్మిన ఫాంటు ఉన్నంత వరకు తెరపై తెలుగు కనిపించును. ఆ ఫాంటు లేనిచో అడుగున ఉన్న రోమను అక్షరములే బయటపడును. మా డిస్కులలో జరిగినది ఇదియే. వ్యాసము చెరిగిపోలేదు, దాని తాళపు చెవి పోయినది.

1991లో తొలి కూర్పు వెలువడిన యూనికోడు ఈ చిక్కును తీర్చినది. అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఉర్దూకు కావలసిన అక్షరములు అరబీ లిపి విభాగములో చేరినవి. ఆ పద్ధతిలో ‘శావల్యాపురం’ అను పేరు ఎట్లు నిలువ ఉండునో చూడుడు. శకారము, దీర్ఘము, వకారము, లకారము, పొల్లు, యకారము, దీర్ఘము, పకారము, ఉకారపు కొమ్ము, రకారము, సున్న – మొత్తము 11 సంకేతములు. ఏ ఊరిలోని ఏ కంప్యూటరునందైనను ఇవే 11, ఇదే వరుస.

అయితే అంకెలు సరియైనంత మాత్రమున అక్షరము తెరపైకి రాదు. ‘ల్యా’ అను భాగమును గమనింపుడు. నిలువలో దీర్ఘము యకారము తరువాత ఉన్నది. చూపులో మాత్రము ఆ దీర్ఘము లకారముపై కూర్చుండును. యకారము వత్తుగా మారి ప్రక్కకు దిగును. అనగా ఉచ్చారణ వరుస ఒకటి, వ్రాత వరుస మరియొకటి. ఈ రెంటికిని వంతెన వేయు ఒక ప్రోగ్రాము కావలెను.

ఇదే పేరును ఉర్దూలో వ్రాయుదము. శీన్, అలిఫ్, వావ్, లామ్, యే, అలిఫ్, పే, వావ్, రే, మీమ్ – పది అక్షరములు. శీన్ మొదటి రూపములో నిలిచి అలిఫ్‌తో కలియును. అలిఫ్ తన తరువాతి అక్షరముతో కలియదు గనుక వావ్ ఒంటరిగా నిలుచును. లామ్, యే, అలిఫ్ మూడును ఒక గుంపు. వానిలో యే మధ్యరూపము దాల్చును. పే, వావ్ మరియొక గుంపు. చివర రే, మీమ్ విడివిడిగా నిలుచును. నస్తాలీఖు శైలిలో ప్రతి గుంపును కుడివైపు ఎత్తు నుండి ఎడమవైపు పల్లమునకు జారుచుండవలెను. తెలుగులో వత్తు ఎట్లో ఉర్దూలో ఈ జారుడు అట్లు. రెండును యంత్రమునకు నేర్పవలసినవే.

ఈ రెండు భాషలకును వంతెన వేయు ప్రోగ్రాములలో నేడు ప్రసిద్ధమైనది హార్ఫ్‌బజ్. ఇరాను దేశమున పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బొద్ దాని ప్రధాన నిర్మాత. ‘హర్ఫ్’ అనగా అక్షరము. పారశీకములో ‘బాజ్’ అనగా తెరచినది. ఆ పేరు కల్పితము కాదు. ఆ ప్రోగ్రాము నిజముగనే తెరచినది. దాని నిర్మాణ పాఠమును ఎవరైనను చదువవచ్చును. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీసు, ఆండ్రాయిడు ఫోనులు దానినే వాడుచున్నవి. తెలుగు విద్యార్థి వ్రాసిన ‘ల్యా’యు, ఉర్దూ విద్యార్థి వ్రాసిన లామ్-యే-అలిఫ్ గుంపును ఒక్క ఇంటి గడప దాటియే తెరపైకి వచ్చుచున్నవి.

బహిరంగ సాఫ్ట్‌వేరు అనగానేమి?

మనుష్యుడు చదువగలుగునట్లు వ్రాసిన ప్రోగ్రామునకు మూలపాఠము అని పేరు పెట్టుకొందము. యంత్రము నడుపుకొనునది దాని మార్పు రూపము. అమ్మకపు సాఫ్ట్‌వేరులలో పెక్కు ఆ మార్పు రూపమును మాత్రమే ఇచ్చి మూలపాఠమును దాచుకొనును. బహిరంగ సాఫ్ట్‌వేరు మూలపాఠమును కూడ ఇచ్చును. దానితో పాటు హక్కులను లిఖితపూర్వకముగా ఇచ్చును.

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరు 27న గ్నూ అను నిర్మాణమును ప్రకటించి ఈ ఉద్యమమునకు పునాది వేసినాడు. అతడు బోధించిన స్వేచ్ఛలు నాలుగు: ప్రోగ్రామును ఏ పనికైనను నడుపుకొనుట, అది పనిచేయు తీరును పరిశీలించి మార్చుకొనుట, ఇతరులకు ప్రతులు పంచుట, తాను మార్చినదానిని సైతము పంచుట. 1989లో వెలువడిన జి.పి.ఎల్. అను లైసెన్సు ఈ స్వేచ్ఛలకు చట్టపు రూపము కల్పించినది. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, ఇరువదియొక్క ఏండ్ల వయస్సులో, లినక్సును మొదలుపెట్టినాడు. ‘ఓపెన్ సోర్స్’ అను పేరు 1998లో వాడుకకు వచ్చినది.

ఆంగ్లములో ‘ఫ్రీ’ అను ఒక్క మాటకు వెల లేనిది అనియు, బంధము లేనిది అనియు రెండర్థములు ఉండుటచే అచ్చటివారు చాల వాదములు చేయవలసి వచ్చినది. మన రెండు భాషలకును ఆ బాధ లేదు. తెలుగులో ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. ఉర్దూలో ముఫ్తు వేరు, ఆజాదు వేరు. ఇచ్చట మనము చెప్పుకొనుచున్నది రెండవదానిని గురించి. ఉచితముగా దొరకినను మూలపాఠము దాచినచో అది బహిరంగము కాదు.

పల్నాటి రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. సాగరు కుడి కాలువ ప్రభుత్వము త్రవ్వించినది. కాని పొలము ప్రక్కనున్న పంటబోదెలో పూడిక పేరుకొన్నచో ఆ నీరు పారించుకొను రైతులే పారలు పట్టి తీయుదురు. ఎచ్చట నీరు నిలుచునో, ఎచ్చట గండిపడునో వారికే తెలియును. బోదెపై మూతవేసి తాళము పెట్టినచో ఆ తెలివి ఎందుకును ఉపయోగపడదు.

తాళము వేసిన యింట తెలుగక్షరము

2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన ఇందుకు నిదర్శనము. ‘జ్ఞా’ అను తెలుగు అక్షరములో కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరినపుడు, దానిని చూపబోయిన యాపిల్ సంస్థ ఫోనులలోని అప్లికేషనులు ఆగిపోయినవి. సందేశములో ఆ అక్షరము వచ్చినచో ఆ సందేశముల పెట్టెయే తెరుచుకొనని స్థితి కలిగినది. లోకమంతట వార్తాపత్రికలు దానిని గురించి వ్రాసినవి. ‘జ్ఞానము’ అను మాటలోని తొలి అక్షరమునకు అట్టి అపకీర్తి కలుగుట విచారకరము. ఆ సంస్థ ఫిబ్రవరి 19న సవరణను విడుదల చేసినది.

తప్పు జరుగుట వింత కాదు. బహిరంగ సాఫ్ట్‌వేరులోను తప్పులు కలవు. భేదమెచ్చటనన, వత్తు ఎట్లు కట్టవలెనో చిన్ననాడే పలకపై దిద్దిన కోట్లమంది తెలుగువారిలో ఒక్కరికిని ఆ మూలపాఠమును తెరచి చూచు వీలు లేకపోయినది. వారు చేయగలిగినది ఎదురుచూచుట ఒక్కటియే.

తెరచిన మూలపాఠమునకు వేరు ప్రమాదములు కలవని కూడ చెప్పవలెను. 2024లో లినక్సు యంత్రములలో విరివిగా వాడు ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రాములోనికి ఒక దొంగదారి చొప్పింపబడినది. దానిని పెక్కేండ్లు ఒంటరిగా మోసి అలసియున్న నిర్వాహకునికి సహాయకుని వేషమున ఒకరు దగ్గరై, రెండేండ్లకు పైగా నమ్మకము సంపాదించి ఆ పని చేసినారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములో ప్రవేశమునకు అర సెకను ఆలస్యమగుట గమనించి, కారణము వెదకుచు మూలపాఠము వరకు పోయి, మార్చి 29న దానిని లోకమునకు వెల్లడించినాడు. తెరచియుండుట వలననే ఆ దొంగదారి బయటపడినది. తోడు లేకపోవుట వలననే అది లోపలికి రాగలిగినది. కావున తెరచి ఉంచిన మాత్రమున చాలదు. చూచువారు, చేయి కలుపువారు కావలెను.

మనవారు చేసిన పని

మేము వెదకుచున్న తాళపు చెవిని మాకు ముందే వెదకినవారు కలరు. వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అను ఉపకరణమును నిర్మించినారు. వార్తాపత్రికలు మొదలగువారు వాడిన సొంత ఫాంటుల వ్రాతను అది యూనికోడునకు మార్చును. ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క పట్టిక: ఈ రోమను గుర్తునకు ఈ తెలుగు ముక్క అని. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారును వీరే. ఆ వికీపీడియాను నడుపు మీడియావికీ కూడ బహిరంగ సాఫ్ట్‌వేరే. తరువాత వీవెన్ గారు పద్మ ఆధారముగా ‘లేఖిని’ని రూపొందించినారు. రోమను అక్షరములతో కొట్టినది తెలుగై కనిపించు ఆ ఉపకరణముతో దేశ విదేశములలోని ఎందరో తెలుగువారు తొలిసారి కంప్యూటరుపై తమ భాష వ్రాసినారు. ఒకరి పనిపై మరియొకరు అనుమతి కొరకు పడిగాపులు పడకుండ కట్టుకొనుట బహిరంగ పద్ధతి యొక్క సారము.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సుతో లినక్సు పంపిణీలలో చేరినవి. గిడుగు, గురజాడ, ధూర్జటి మొదలగు పేర్లతో మరికొన్ని ఫాంటులు అట్లే అందరి సొత్తయినవి. హైదరాబాదు కేంద్రముగా 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ తెలుగులో పలుకరించు లినక్సును తయారుచేయ పూనుకొన్నది. భారత ప్రభుత్వపు సి-డాక్ సంస్థ 2007లో ‘బాస్’ అను లినక్సును భారతీయ భాషలతో విడుదల చేసినది. 2015లో కేంద్ర ప్రభుత్వము తన కార్యాలయములలో బహిరంగ సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించినది.

ఉర్దూ వైపు చరిత్ర మరింత శ్రమతో కూడినది. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ గారు నూరీ నస్తాలీఖు కొరకు సుమారు 20,000 అక్షరపు గుంపులను రూపొందించినారు. కాతిబు కలము నడకను యంత్రములోనికి తెచ్చిన మహత్కార్యమది. నేడు నోటో నస్తాలీఖ్ ఉర్దూ వంటి స్వేచ్ఛా ఫాంటులు గుంపులను ఒక్కొక్కటిగా నిలువచేయక, సూత్రములను బట్టి కూర్చుచున్నవి. వానిని ఎవరైనను దిగుమతి చేసికొని వాడవచ్చును, దిద్దవచ్చును.

మరియొక చిన్న సంగతి మా కళాశాలకు మిక్కిలి దగ్గరిది. ఉర్దూ, అరబీ పదములను తెలుగు లిపిలో వ్రాయునపుడు మనకు లేని ధ్వనులను సూచించుటకు కొందరు అక్షరము క్రింద చుక్క పెట్టుదురు. ఆ చుక్కకు యూనికోడులో చోటు చాల కాలము లేదు. ఆ వాడుకను అచ్చు పుస్తకముల నుండి ఆధారములతో చూపి చేసిన ప్రతిపాదన ఫలించి, 2021లో వెలువడిన 14వ కూర్పులో తెలుగు నుక్తా చేరినది. రెండు భాషల సరిహద్దులో నిలిచినవారి కంటికే ఆ లోటు కనబడును.

పాలుపంచుకొను మార్గములు

‘మాకు ప్రోగ్రాము వ్రాయుట రాదు, మేమేమి చేయగలము?’ అని మాలో పలువురు అడిగినారు. ఆ ప్రశ్నకు నాలుగు సమాధానములు కలవు.

మొదటిది, తప్పును సక్రమముగా తెలుపుట. ‘తెలుగు సరిగా రావడము లేదు’ అని వ్రాసినచో నిర్మాత ఏమియు చేయలేడు. ఏ ప్రోగ్రాము, ఏ కూర్పు, ఏ ఫాంటు; ఏ పదము కొట్టినాము; ఏమి రావలెను; ఏమి వచ్చినది – ఈ నాలుగును ఉండవలెను. ‘శావల్యాపురం అను పదములో యవత్తు ప్రక్క అక్షరమైన పకారముపై పడుచున్నది, అది లకారమునకే అంటియుండవలెను, తెర బొమ్మను జతచేయుచున్నాము’ అని వ్రాసినచో భూగోళమునకు ఆవలనున్న, తెలుగు రాని నిర్మాత సైతము దానిని దిద్దగలడు. అంతకు ముందే ఎవరైన ఆ తప్పును తెలిపిరేమో చూచుకొనుట మర్యాద.

రెండవది, అనువాదము. ప్రోగ్రాములోని ఆంగ్ల వాక్యములు ఒక ఫైలులో వరుసగా ఉండును. ప్రతి దాని క్రింద మన భాషలో వ్రాయుటకు ఖాళీ ఉండును. పని సులభముగా తోచును కాని భాష తెలిసినవారికే దాని లోతు తెలియును. ‘ఈ దస్త్రమును ఆ సంచిలో నుండి తొలగించు’ అను వాక్యమున ఆంగ్లములో క్రియ ముందు వచ్చును. తెలుగులోను ఉర్దూలోను చివర వచ్చును. కావున పేర్లు వచ్చి చేరు ఖాళీలకు వరుస సంఖ్యలు వేసి స్థానములు మార్చవలెను. ఏకవచన బహువచనములకు వేరువేరు వాక్యములు ఇయ్యవలెను. లేనిచో ‘1 దస్త్రములు’ అని తెర పలుకును. చదువరిని ‘మీరు’ అనవలెనా ‘నీవు’ అనవలెనా అను మర్యాదను మొదటనే నిశ్చయించుకొనవలెను.

ఈ పనిలో మాకొక ఆనందకరమైన విషయము కనబడినది. తెలుగు తెరపై ఆంగ్లమునకు బదులుగా నిలువగల మాటలలో రద్దు, నకలు, దాఖలు, జాబితా, చిరునామా ఉన్నవి. ఇవన్నియు ఉర్దూ, పారశీకముల ద్వారా వచ్చి తెలుగైనవి. మరమ్మతు సైతము అట్టిదే. మన ముందు తరములవారు కచ్చేరీలలో, సంతలలో కలిసి మాటలాడి కూర్చిన పదకోశమది. క్రొత్త పదము కల్పింపబోవు ముందు ప్రక్క తరగతి గదిలోని ఉర్దూ విద్యార్థిని అడుగుట మేలు.

మూడవది, వాడుక విధానమును వ్రాయుట. ఒక ఉపకరణమును ఎట్లు స్థాపించుకొనవలెనో, తెలుగు కీబోర్డును ఎట్లు కలుపుకొనవలెనో మొదటిసారి నేర్చుకొన్నవాడే చక్కగా చెప్పగలడు. నిపుణుడు తాను తడబడిన చోటును మరచిపోవును; మనకు అది ఇంకను జ్ఞాపకము ఉండును.

నాలుగవది, మూలపాఠమును దిద్దుట. టోర్వాల్డ్స్ 2005లో రచించిన గిట్ అను ఉపకరణము ఇందుకు సాధనము. మూలపాఠమునకు మన నకలు తీసికొందుము. అందొక శాఖను వేసి మన మార్పు చేయుదుము. ఎందుకు చేసినామో రెండు వాక్యములలో వ్రాసి నిర్వాహకులకు సమర్పింతుము. వారు పరిశీలించి విలీనము చేయుదురు. నడికుడి–శ్రీకాళహస్తి క్రొత్త రైలు మార్గము పిడుగురాళ్ళ వైపు నుండి వచ్చి శావల్యాపురం వద్ద గుంటూరు–నంద్యాల మార్గమును కలియుట మనము ఎరుగుదుము. పట్టాల కొలత, సిగ్నలు సరిచూచిన పిమ్మటనే క్రొత్త దారి పాత దారితో కలియును. ఇదియు అట్టిదే, ఒక మార్పు సంగతులను మాత్రమే ఒకసారి పంపుట, పరీక్షించి పంపుట ఇందలి నియమములు.

సమర్పించిన మార్పు తిరిగి వచ్చినపుడు చిన్నబుచ్చుకొనరాదు. ఉర్దూ కవులలో ఇస్లాహ్ అను సంప్రదాయము కలదు. శిష్యుడు తన గజలును ఉస్తాదు ముందుంచును. ఆయన ఒక మాట కొట్టివేసి మరియొక మాట పెట్టును. శిష్యుడు దానిని గౌరవముగా భావించును. మన పద్యవిద్యలోను గురువు గణము దిద్దనిదే శిష్యుని పద్యము సభకు వచ్చెడిది కాదు. నిర్వాహకుని విమర్శను ఆ దృష్టితో స్వీకరింపవలెను. ఆయన ఇచ్చిన సమయము మనకు ఫీజు లేని చదువు.

రెండు హెచ్చరికలు చెప్పి ఈ భాగమును ముగింతుము. కొనుగోలు చేసిన సాఫ్ట్‌వేరులోని ఫాంటునో, నిఘంటువునో తీసి బహిరంగ నిర్మాణములో కలుపరాదు. అది దానము కాదు, పరుల సొత్తు. మన సొంత పనిని మాత్రమే, ఆ నిర్మాణపు లైసెన్సు చదివి ఇయ్యవలెను. పేరు కొరకు పనికిమాలిన మార్పులను పంపుటయు తగదు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అను కార్యక్రమమున బహుమతిగా ఇచ్చు చొక్కా కొరకు వేలాడిన కొందరు అర్థము లేని మార్పులు కుప్పలుగా పంపి నిర్వాహకులను విసిగించినారు; నిబంధనలనే మధ్యలో మార్చవలసి వచ్చినది. నేడు కృత్రిమ మేధ వ్రాసి ఇచ్చినదానిని తాము చదువకయే పంపువారు అదే తప్పు చేయుచున్నారు. అర్థము కానిదానిని పంపరాదు.

మా వ్యాసము తిరిగి వచ్చిన విధము

ఇక మా డిస్కుల సంగతి. మా వ్యాసములు వ్రాసిన ఫాంటునకు పట్టిక మాకు దొరకలేదు. ఒక పూర్వ విద్యార్థి యింట ఆ సంచికలోని మూడు అచ్చు కాగితములు మాత్రము లభించినవి. అవి ‘మా ఊరు శావల్యాపురం’ వ్యాసమునకు చెందినవి కావు. కాని ఫాంటు అదియే. ఆ మూడింటిని ఎదుట పెట్టుకొని, డిస్కులోని రోమను గుర్తులతో అక్షరమునకు అక్షరము సరిపోల్చి, మేమే ఒక పట్టిక తయారుచేసినాము. కంప్యూటరు శాఖ విద్యార్థులు దానిని బట్టి మార్చు ప్రోగ్రామును వ్రాసినారు. వ్యాసము చాల వరకు తెలుగైనది. కాని శీర్షికలోని ఊరి పేరే విరిగి వచ్చినది. లకారముపై దీర్ఘము కూర్చున్నది. యవత్తు దానికి అంటక, చుక్కల వలయముతో విడిగా నిలిచినది.

ప్రోగ్రాము వ్రాసినవారు రెండు దినములు వెదకినను కారణము చిక్కలేదు. చివరకు దానిని కనిపెట్టినది తెలుగు సాహిత్యము చదువుచున్న మొదటి సంవత్సరము విద్యార్థిని. శావల్యాపురం నుండి వచ్చు అమ్మాయి. ‘పాత ఫాంటు కంటికి కనబడు వరుసలో వ్రాసినది, అందుచేత ముందు లా, తరువాత యవత్తు. మనము పలుకునది ముందు ల్య, తరువాత దీర్ఘము. వత్తు వచ్చినచో దీర్ఘమును దాని వెనుకకు జరుపవలెను’ అని ఆమె చెప్పినది. ఆ ఒక్క సూత్రము చేర్చిన పిమ్మట ఊరి పేరు సరియైనది. దానితో పాటు ఆ డిస్కులోని వ్యాసములన్నిటిలోను దీర్ఘముతో కూడిన వత్తులన్నియు ఒక్కసారిగా కుదుటపడినవి. ఆమెకు ప్రోగ్రాము వ్రాయుట నేటికిని రాదు. అయినను ఆ ప్రోగ్రాములో ఆమె చేసిన మరమ్మతు కలదు.

ఆ వ్యాసమును ఈ సంవత్సరపు సంకలనములో అచ్చువేయుచున్నాము. ఉర్దూ ఫైళ్ళు మాత్రము ఇంకను తెరువబడలేదు. వానిలో ఎవరెవరి గజళ్ళు, ఎవరెవరి వ్యాసములు ఉన్నవో మాకు తెలియదు. ఈ పనికి ఉర్దూ విద్యార్థుల కన్నును, చేయియు కావలెను. ఆ నాటి అచ్చు కాగితములు ఎవరి యింటనైనను ఉన్నచో, ఒక్కటియైనను, తెచ్చి ఇయ్యవలసినదిగా ప్రార్థించుచున్నాము.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపములు మూడు. మొదటిది, ఇకమీదట సంచిక ప్రతియు యూనికోడులోనే, స్వేచ్ఛా ఫాంటులతోనే కూర్పబడవలెను. ఫైళ్ళు 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపబడిన ఓపెన్ డాక్యుమెంట్ రూపములో నిలువ చేయబడవలెను. రెండవది, మేము తయారుచేసిన పట్టికను, సూత్రమును స్వేచ్ఛా లైసెన్సుతో లోకమునకు ఇచ్చుటకు అనుమతింపవలెను. ఇట్టి డిస్కులు మరి ఏ కళాశాల బీరువాలోనైనను ఉండవచ్చును గదా. మూడవది, వారమునకు ఒక గంట కంప్యూటరు గదిని తెలుగు, ఉర్దూ విద్యార్థులు కలిసి ఈ పని చేయుటకు కేటాయింపవలెను.

విద్యార్థి మిత్రులారా! మన అక్షరములు యంత్రములోనికి పోయినవి; వెనుకకు రావు. అచ్చట అవి సరిగా నిలుచునట్లు చూచువారు మన అక్షరము తెలిసినవారే కావలెను. ఆ పనికి తలుపు తెరచియున్నది. వచ్చే సోమవారము సాయంకాలము ఉర్దూ ఫైళ్ళతో మరల మొదలుపెట్టుచున్నాము; తీరిక గలవారు రండు.